నాయకునికి నమస్కారం, అధికారానికి హద్దు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది నాడు పంచాంగ శ్రవణం చేస్తాము. ఈ యేటికి రాజెవరు, మంత్రి ఎవరు అని వింటాము. ప్రతి రాశికీ ఆదాయం పక్కనే వ్యయం, రాజపూజ్యం పక్కనే అవమానం చదివిస్తాము. గ్రహాలకు సైతం ఒక్క యేటి రాజ్యమే ఇచ్చే మనము, మనుష్యులలో ఒక నాయకుణ్ణి మెచ్చుకున్నప్పుడు మాత్రం వ్యయపు పద్దు చూడడం ఎందుకు మానివేస్తున్నాము? ఈనాటి మా ప్రసంగానికి ఇదే విషయం.

మేము వ్యక్తి స్వాతంత్ర్యాన్ని నమ్మినవాళ్లము. ప్రభుత్వం రక్షణ చూడాలి, న్యాయం చూడాలి. ఇంటి లెక్క, మగ్గం లెక్క పౌరునికి విడిచిపెట్టాలి అన్నది మా అభిప్రాయం. ఏ పార్టీ జెండా మోయడానికీ ఇక్కడ నిలబడలేదు. మాకు భయం ఒక నాయకుని గురించి కాదు. ఏ నాయకునికైనా పట్టే హారతి గురించి.

దేశానికి స్వాతంత్ర్యం రాకముందు కాంగ్రెసు అధ్యక్షుణ్ణే రాష్ట్రపతి అనేవారు. 1936లో లక్నోలోను, ఆ యేడే డిసెంబరులో మన మహారాష్ట్రలోని ఫైజ్‌పూర్‌లోను జవహర్‌లాల్ నెహ్రూగారు ఆ పీఠం అలంకరించారు. ఎక్కడికి వెళ్లినా జనసముద్రమే. 1937 నవంబరులో కలకత్తా ‘మోడరన్ రివ్యూ’ పత్రికలో ‘రాష్ట్రపతి’ అనే వ్యాసం వచ్చింది. కింద పేరు ‘చాణక్య’. ఇంతటి జనాదరణ గల మనిషి నియంతగా మారడానికి పెద్ద మలుపు అక్కరలేదనీ, ఆయనను వరుసగా మూడవసారి ఎన్నుకోవద్దనీ అందులో హెచ్చరిక. ఆ చాణక్యుడు నెహ్రూగారేనని తరువాత లోకానికి తెలిసింది. నాయకుడే తన్ను తాను శంకించుకోగా, అనుచరులకు శంక పాపమవుతుందా? అయితే ఇంకొక మాట కూడా చెప్పాలి. అదే నెహ్రూగారు 1947 నుంచి 1964లో కన్నుమూసే వరకు ప్రధానిగా ఉన్నారు. నాయకుని ఆత్మవిమర్శ గొప్పదే గాని, దాని మీద మాత్రమే ఆధారపడితే చాలదు. పగ్గం ప్రజల చేతిలోనే ఉండాలి.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్‌గారు ఈ సంగతే స్పష్టం చేశారు. మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చు గాని, రాజకీయాలలో భక్తి పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి అన్నారు.

ఆ మాటను పట్టించుకున్న తెలుగువారు లేకపోలేదు. 1959లో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానించినప్పుడు, నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య రంగాగారు నెహ్రూగారినే కాదన్నారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి అధ్యక్షులైనారు. తరువాతి కాలంలో ఆయన తిరిగి కాంగ్రెసులో చేరారు. కాబట్టి రంగాగారినైనా పూజించమని మేము అనడం లేదు. ఆనాడు ఆయన అడిగిన ప్రశ్నను దాచుకోమంటున్నాము.

మన తెలుగువారి సంగతే చూడండి. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చింది. పత్రికలకు సెన్సారు పెట్టారు. ప్రతిపక్ష నాయకులను చెరసాలలో వేశారు. 1977 ఎన్నికలలో ఉత్తరాది ఇందిరాగాంధీగారి పార్టీని తిరస్కరించింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాలలో 41 ఆ పార్టీకే అప్పగించింది. మిగిలిన ఒక్క నంద్యాలలో గెలిచినవారు నీలం సంజీవరెడ్డిగారు. ఆ యేడే ఆయన రాష్ట్రపతి అయినారు.

ఇక మన భివండీకి వద్దాము. 2016 నవంబరు 8 రాత్రి 8 గంటలకు ప్రధాని నరేంద్ర మోదీగారు టెలివిజన్‌లో మాట్లాడి, 500, 1000 రూపాయల నోట్లు ఆ అర్ధరాత్రి నుంచి చెల్లవన్నారు. చెలామణిలో ఉన్న నోట్ల విలువలో సుమారు 86 శాతం అవే. నూలు బేరం, కూలి బట్వాడా రొక్కం మీద నడిచే ఈ ఊరిలో మగ్గాలు ఎన్నో ఆగినవి. పనివాళ్లు ఊళ్లకు రైలెక్కినారు. అయినా బ్యాంకు ముందు వరుసలో నిలబడినవారే, “ఆయన చేశాడంటే మన మేలుకే” అనడం విన్నాము. 2018లో రిజర్వు బ్యాంకు లెక్క చెప్పింది: రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగి వచ్చినవి.

2023 జనవరి 2న సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ చర్య చెల్లుతుందన్నది. జస్టిస్ నాగరత్నగారు ఒక్కరే, ఇంత పని పార్లమెంటు చట్టం ద్వారా జరగవలసిందని వేరుగా తీర్పు రాశారు. చట్టమైతే ఏమి ఒరిగేది అంటారా? సభలో చర్చ జరిగేది. శనివారం కూలి ఎట్లా ఇవ్వాలి అని అడిగేవాడొకడు ఉండేవాడు. రహస్యం పోయేదంటారా? నోట్లన్నీ దాదాపు తిరిగివచ్చిన తరువాత, ఆ రహస్యం దేనిని కాపాడినట్లు?

“పొట్ట చేతపట్టుకొని కరీంనగరు నుంచీ, వరంగల్లు నుంచీ, నల్లగొండ నుంచీ వచ్చినవాళ్లము. బలమైన నాయకుని అండ లేనిదే బ్రతికేదెట్లా?” అని మనలో చాలామంది అంటారు. ఆ భయం నిజమే. దానిని మేము తక్కువ చేయము. అయితే నాయకుని దయ ఈనాడు మన మీద ఉండవచ్చు, రేపు మరొకరి మీదికి పోవచ్చు. మంచివాడని ఒకరికి ఇచ్చిన కొరడా, ఆయన దిగిపోయేటప్పుడు వెంట తీసుకొనిపోడు. తరువాత వచ్చేవానికి వదిలిపోతాడు. పరాయి రాష్ట్రంలో బ్రతికేవారికి దయ కంటె అందరికీ ఒకటే వర్తించే చట్టమే గట్టి నీడ.

నేసిన బట్టను వెలుతురుకు పట్టి చూసేవాడు నేతగానికి శత్రువు కాడు. తెగిన పోగు కనిపించినా కనిపించనట్లు ఊరుకునేవాడే బేరం చెడగొడతాడు. మెచ్చుకున్న నాయకుణ్ణి కూడా అట్లాగే పరీక్షించాలి. ఈ అధికారం ఆయనకు ఎవరిచ్చారు? ఎప్పుడు తిరిగి తీసుకుంటాము? మనకు గిట్టనివాని చేతిలో ఇదే అధికారం ఉంటే ఒప్పుకుంటామా? ఓటు వేసే ముందు ఈ మూడు ప్రశ్నలు ఇంట్లో, కార్ఖానాలో, మన సంఘం ఎన్నికలలో కూడా అడగండి. అడిగినవాణ్ణి ద్రోహి అనకుండా చివరిదాకా మాట్లాడనివ్వండి. ఆ అలవాటు మన పిల్లలకు అబ్బితే చాలు.