కుక్కకు పాఠం, పిల్లవాడికి పాఠం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసి, ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుక మీద ఉండగానే కుక్కల ప్రసక్తి తేవడం ఏమి మర్యాద అని కొందరు నవ్వుకోవచ్చును. అయినా కార్యవర్గం వారు మాకు అప్పగించిన విషయం అదే. పిల్లలను కుక్కల శిక్షణ తరగతులకు పంపవచ్చునా, కూడదా అన్నది ప్రశ్న. ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. చాళ్లు ఒక్కొక్కటే పోయి వాటి స్థానంలో అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. ఆ భవనాలలో కుక్కలను పెంచుకొనేవారు పెరుగుతున్నారు. ఆదివారం ఉదయం శిక్షకుడు వచ్చి ఆవరణలో కుక్కలకు కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం నేర్పుతుంటే, మన పిల్లలు వరండా కటకటాల వెంట నిలబడి చూసి, మేమూ వెళ్తామని మారాం చేస్తున్నారు. తండ్రి కాదంటాడు, తల్లి ఆలోచిద్దామంటుంది, నాయనమ్మ ముక్కు మూసుకొంటుంది. ఈ ముగ్గురికీ సమాధానం చెప్పవలసిన పని మాది.

ముందుగా మన సంగతి మనం తలచుకొందాం. ఈ నగరంలో రోడ్లు వేసి, రాళ్లు మోసి, మేడలు కట్టిన మన కామాటీల పేరు మీదనే కామాటిపురా వెలసింది. ఆ వెనుక మిల్లుల్లో మగ్గాల పనికి వచ్చినవారు వర్లీ, పరేలు చాళ్లలో కాపురాలు పెట్టారు. ధారావిలో మనవాళ్లు తమిళులతో, మరాఠీలతో, ఉత్తరాదివారితో గోడలు పంచుకొని బతికారు. ఈ చోట్లన్నిటిలోనూ పదడుగుల ఖోలీలో మనిషికే కాళ్లు చాపుకొనే చోటు లేదు, ఇక కుక్కను పెంచేది ఎక్కడ? అయినా కుక్క లేని గల్లీ లేదు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేవాడికి మొదట ఎదురు వచ్చేది అదే. మెట్ల కింద ఈనేది అదే. చెత్తకుండీ దగ్గర పిల్లవాడి చేతిలోని వడాపావ్ లాక్కొనేదీ అదే. కుక్కను పెంచుకోవడం మన ఇష్టం కావచ్చు గాని, కుక్కతో కలిసి బతకడం మన ఇష్టంతో నిమిత్తం లేకుండా జరుగుతున్నది. ఈ తేడా గ్రహిస్తే ప్రశ్న స్వరూపమే మారిపోతుంది.

వద్దనేవారి వాదం ముందు విందాం. చదువు పాడవుతుంది అంటారు. డబ్బున్నవారి సరదా మనకెందుకు అంటారు. కుక్క ముట్టుకొంటే మడి మైల అంటారు. అన్నిటికన్న పెద్ద మాట, కరిస్తే ఎవరిది బాధ్యత అంటారు. ఈ చివరి మాట తీసిపారవేయదగినది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో ఏమి జరిగిందో మీరెవ్వరూ మరచి ఉండరు. నిజామాబాదు జిల్లా నుండి పొట్టపోసుకోవడానికి వచ్చి కాపలా పని చేస్తున్న ఒక తండ్రి, తన నాలుగేండ్ల కొడుకును పనిచోటికి వెంటబెట్టుకు వెళ్లాడు. ఆడుకొంటున్న ఆ పసివాణ్ని వీధికుక్కలు చుట్టుముట్టి చంపాయి. పల్లె విడిచి పట్నం చేరిన ప్రతి తెలుగు ఇంటికీ ఆ దుఃఖం తగిలింది. ఆ బిడ్డ వయసు పిల్లవాడిది ఏ తప్పూ లేదు, ఏ తరగతీ అతణ్ని కాపాడేదీ కాదు. పసిపిల్లలను కాపాడవలసింది పెద్దల కళ్లు, మునిసిపాలిటీ చేతులు. కాని బడికి వెళ్లే వయసు వచ్చిన పిల్లలు మన కళ్ల ముందు ఎంతసేపు ఉంటారు? గల్లీ మొదటి నుండి చివరిదాకా వాళ్లే నడవాలి. వారికి మనం ఏమి నేర్పి పంపుతున్నాం?

మనం నేర్పేవి రెండు సామెతలు. మొరిగే కుక్క కరవదు అన్నది ఒకటి, కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నది ఇంకొకటి. సామెతలుగా ఇవి మనుషుల గురించి చెప్పినవి కనుక వాటి దోషం ఏమీ లేదు. పిల్లవాడు మాత్రం వాటిని కుక్క గురించే అనుకొంటాడు. మొరిగే కుక్క తప్పక కరవగలదు. దగ్గరకు రావద్దని అది చెప్పే మాటే మొరుగు. ఆ మాట వినకపోతే తరువాతి మాట పంటితో చెబుతుంది. ఇక చెప్పు ఎత్తినవాణ్ని చూసి భయపడిన కుక్క, పారిపోయే దారి లేకపోతే మీదికే వస్తుంది.

శిక్షణ తరగతిలో మంచి గురువు మొదట నేర్పేది ఈ భాషనే. కుక్క తోక ఊపిందంటే సంతోషమేనని మనం అనుకొంటాం. తోక బిగుసుకొని, పైకి లేచి, చిన్నగా అదురుతూ ఉంటే అది సంతోషం కాదు. నిద్ర లేకుండానే ఆవలించడం, తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, తల పక్కకు తిప్పుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, ఇవన్నీ నాకు ఇబ్బందిగా ఉంది అని అది చెప్పే మాటలు. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను కదిలించరాదు. కొత్త కుక్క మీదికి వస్తే పరుగెత్తరాదు. పరుగెత్తేదాన్ని తరమడం దాని పుట్టుక గుణం. చేతులు శరీరానికి ఆనించుకొని, కళ్లలోకి చూడకుండా, చెట్టులాగా కదలక నిలబడాలి. కింద పడితే మోకాళ్లు ముడుచుకొని, చేతులతో మెడను, చెవులను కప్పుకొని, బండలాగా ఉండిపోవాలి. చెట్టు, బండ అన్న ఈ రెండు మాటలు ఆరేండ్ల పిల్లకు కూడా ఆటగా నేర్పవచ్చును.

రెండవ పాఠం ఇంకా గొప్పది. కుక్కకు తెలుగు రాదు, మరాఠీ రాదు. దానికి అందేది ఒక శబ్దం, ఆ శబ్దం పలికిన తీరు, ఆ వెంటనే దక్కిన ఫలితం, అంతే. మన ఇంటిలో తాత "కూర్చో" అంటాడు, తండ్రి "బైఠ్" అంటాడు, మనవడు "సిట్" అంటాడు. ముగ్గురూ కలిసి కుక్కకు బుద్ధి లేదంటారు! అందరూ ఒకే మాట అనాలి. చేసిన క్షణంలోనే మెచ్చుకోలుగా చిన్న ముక్క నోటికి అందించాలి. పది క్షణాలు ఆలస్యమైతే ఆ ముక్క దేనికి దక్కిందో దానికి తెలియదు. అయిదారు నిమిషాలకు మించి పాఠం సాగదీయరాదు. కోపం వచ్చిన పూట పాఠం మానివేయాలి. ఒకప్పుడు పడమటి దేశాలలో కూడా గొలుసు గుంజి, కొట్టి కుక్కలకు నేర్పేవారు. దెబ్బ తిన్న కుక్క పని నేర్వకపోగా చేతిని చూస్తే బెదరడం నేర్చుకొంటుందని అనుభవం మీద తెలిసి, ఇప్పుడు మంచి శిక్షకులు ఆ దారి వదిలారు.

నేర్చిన కుక్క ఏమి చేయగలదో ఈ నగరానికి వేరే చెప్పనక్కరలేదు. 1993 మార్చి 12న ముంబయిలో బాంబులు పేలిన తరువాత, పోలీసుల బాంబు దళంలో ఉన్న జంజీర్ అనే లాబ్రడార్ కుక్క వాసన పట్టి 3,300 కిలోలకు పైగా ఆర్.డి.ఎక్స్. బయటపెట్టింది. 2000 నవంబరులో అది చనిపోయినప్పుడు పోలీసు అధికారులు పూలు ఉంచి సెలవు చెప్పారు. దాని పుణ్యాన ఎందరు తల్లుల బిడ్డలు ఇంటికి చేరారో లెక్క ఎవరు కట్టగలరు?

ఇక్కడ మేము అసలు చెప్పదలచిన మాట వస్తున్నది. రేబిస్ అనే జబ్బు వల్ల లోకంలో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో నూటికి నలభై మంది పదిహేనేండ్ల లోపు పిల్లలు. మనుషులకు వచ్చే ఈ జబ్బులో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కుక్కల వల్లనే. జబ్బు లక్షణాలు పైకి వచ్చిన తరువాత బతికించడం దాదాపు అసాధ్యం. అంతకు ముందే టీకా పడితే మాత్రం దాదాపు తప్పక నివారించవచ్చును. 1885 జూలైలో పారిస్‌లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఈ టీకా వేసింది కూడా తొమ్మిదేండ్ల పిల్లవాడికే. ఆ పిల్లవాడు బతికాడు. కాటుకూ లక్షణాలకూ మధ్య సాధారణంగా రెండు మూడు నెలల గడువు ఉంటుంది. ఒక్కొక్కసారి వారమే కావచ్చు, ఏడాది కావచ్చు. అంటే మందు ఉన్నది, వ్యవధీ సాధారణంగా ఉన్నది. అయినా పిల్లలెందుకు పోతున్నారు?

ఒక కారణం మన ఇండ్లలోనే ఉన్నది. పిల్లవాడు చెప్పడు. వద్దన్న చోటికి పోయాడు, వద్దన్న కుక్కపిల్లను ముట్టుకొన్నాడు, అది గీరింది లేక పన్ను ఆనించింది. ఇంటికి వచ్చి చెబితే ముందు వీపు పగులుతుంది. కనుక చొక్కా చేయి కిందికి లాగి ఊరుకొంటాడు. కుక్క కాటు కన్న తండ్రి చేతికి ఎక్కువ భయపడే ఇంటిలో టీకా ఎంత ఉచితంగా ఉన్నా ఏమి లాభం? కొడితే కుక్క బెదరడం నేర్చుకొన్నట్లే, కొడితే బిడ్డ దాచడం నేర్చుకొంటాడు. కొట్టకుండా ఒక మూగజీవానికి మాట నేర్పవచ్చునని తరగతిలో కళ్లారా చూసిన పిల్లవాడు, అతని పక్కన కూర్చొని చూసిన తండ్రి, ఇద్దరూ వేరే మనుషులై ఇంటికి వస్తారు. మేము పిల్లలను పంపమనేది ముఖ్యంగా ఇందుకే.

కాటు పడితే చేయవలసినది నాలుగు మాటల్లో చెబుతాము, ఇంటిలో గోడ మీద రాసిపెట్టుకోండి. గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ అద్దరాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ధారావివారికి సయన్ ఆసుపత్రి, కామాటిపురావారికి నాయర్ ఆసుపత్రి దగ్గర. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయంలోనే వేసే మరో మందు కూడా అవసరమవుతుంది, వైద్యుణ్ని అడగండి. చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లాలి, రెండు సూదులతో నొప్పి తగ్గిందని మానరాదు.

అయితే పంపడానికి కొన్ని షరతులున్నవి. బడి ఈడు రాని పసివారిని పంపరాదు. ఏడెనిమిదేండ్ల వారు చూడవచ్చు, ముక్క అందించవచ్చు, మాట చెప్పవచ్చు. గొలుసు మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. పన్నెండు దాటినవారు శాంతమైన కుక్కతో, పెద్దవారి సమక్షంలో పట్టుకోవచ్చు. కరిచే అలవాటున్న కుక్కను మాన్పించే తరగతి పిల్లల చోటు కానే కాదు. తరగతిలో కుక్కలన్నిటికీ టీకాలు అయినవో లేదో అడిగి తెలుసుకోండి. శిక్షకుడు కుక్కను తన్నినా, మెడకు ముళ్ల పట్టీ వేసినా, ఆ పూటే బిడ్డను తీసుకొని ఇంటికి రండి. భయపడే పిల్లవాణ్ని బలవంతంగా కుక్క దగ్గరకు తోయకండి. దూరంగా కూర్చొని చూడడం కూడా చదువే.

రుసుము ఇచ్చుకోలేని వారి మాట ఏమిటి? మన సంఘానికి చేతనైన పని ఇది. ఏడాదికి రెండు ఆదివారాలు, ఒక పశువైద్యుడు, ఒక మంచి శిక్షకుడు, ఒక శాంతమైన కుక్క, మన హాలు, ఇంతే కావాలి. అక్కడే మన గల్లీ కుక్కల సంగతీ మాట్లాడుకోవచ్చు. ఈ నగరంలో కుక్కల తగాదా పాతది. 1832 జూన్‌లో కుక్కను చంపితే ఎనిమిది అణాలు ఇస్తామని ప్రభుత్వం అంటే పార్సీలు తిరగబడి కోటలో అల్లరి జరిగింది. చంపి లాభం లేదని తేలి, 2001లోనూ తిరిగి 2023లోనూ వచ్చిన నిబంధనలు సంతానం కలగకుండా శస్త్రచికిత్స, రేబిస్ టీకా అన్న మార్గం చూపాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, పిచ్చి కుక్కలనూ మీదపడే కుక్కలనూ తప్ప మిగతావాటిని ఈ రెండూ చేసి పట్టిన చోటే వదలాలనీ, కేటాయించిన చోట్లనే తిండి పెట్టాలనీ చెప్పింది. అదే ఏడు నవంబరు 7న బడుల, ఆసుపత్రుల ఆవరణలలో కుక్కలు ఉండరాదని ఆదేశించింది. కనుక బడి గేటు ముందు బిస్కట్టు వేయడం దయ కాదని పిల్లలకు చెప్పాలి. మన చాల్ కుక్కలకు టీకా పడిందో లేదో చూడడం, చెత్త కుండీ దాటి పడకుండా చూడడం దయ.

ఇక నాయనమ్మగారి మడి మాట. దత్తాత్రేయస్వామి పటంలో పాదాల దగ్గర ఉన్న నాలుగు కుక్కలకు రోజూ హారతి ఇస్తున్నది ఆమే గదా! ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర కుక్కను విడిచి రానన్నాడు. ఆ కథ అందరికీ తెలుసు. నన్నయగారి ఆదిపర్వం మొదట్లో ఉన్న ఇంకొక కథ పిల్లలకు చెప్పదగినది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవతాశునకం కొడుకు ఆడుకోవడానికి వచ్చింది. ఏ తప్పూ చేయని ఆ కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయి చెప్పుకొంది. తల్లి వచ్చి నిండు సభలో రాజును నిలదీసింది.

ఆ కథలో మాకు నచ్చినది శాపం కాదు. దెబ్బ తగిలిన బిడ్డ తిన్నగా తల్లి దగ్గరకు వెళ్లి చెప్పుకోగలిగింది, తల్లి విన్నది. మన పిల్లలు కూడా ఏ గాయమైనా, ఏ తప్పయినా మన దగ్గరకే వచ్చి చెప్పగలగాలి. పిల్లలను కుక్కల తరగతికి పంపండి, మీరూ వెంట వెళ్లండి. అక్కడ కుక్కలు నేర్చేది కొంచెం, మనం నేర్చేది ఎక్కువ.