ఎదకొచ్చిన ఆడకుక్కను ఇంట్లో చూసుకోవడం

ఆడకుక్క సాధారణంగా 6 నుంచి 12 నెలల వయసులో మొదటిసారి ఎదకొస్తుంది. పెద్ద జాతులకు ఇంకా ఆలస్యం కావచ్చు. ఆ తర్వాత చాలావాటికి ఏడాదికి రెండుసార్లు ఎద వస్తుంది, వచ్చినప్పుడల్లా రెండు మూడు వారాలుంటుంది.

ముందు మానం ఉబ్బుతుంది, గచ్చుమీద నెత్తుటి చుక్కలు కనిపిస్తాయి. అది మాటిమాటికీ నాక్కుంటుంది, కసరకండి. పడుకునేచోట పాత నూలుచీర పరిచి రోజూ ఉతకండి. డైపర్ వేస్తే తరచూ మార్చాలి, లేకపోతే చర్మం ఒరిసిపోతుంది. మైల అంటూ దాన్ని బయట కట్టేసే ఇళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అది లోపల, మన దగ్గర ఉండాల్సిన రోజులే అవి.

చాలామంది పొరబడేది ఇంకోచోట. సుమారు 9 రోజులకు ఎరుపు తగ్గి, స్రావం ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. హమ్మయ్య, అయిపోయిందని గేటు తీస్తారు. నిజానికి చూలు కట్టే రోజులు అప్పుడే మొదలవుతాయి. వెన్ను నిమిరితే తోక పక్కకు పెడుతుంది. మగకుక్కలు వాసన పట్టి ప్రహరీ దూకి వస్తాయి. పెరట్లో ఒంటరిగా వదలొద్దు, నడకకు తీసుకెళ్తే గొలుసు చేతిలోనే ఉండాలి. ఒకవేళ జతకట్టి ఇరుక్కుంటే కొట్టి విడదీయకండి, రెండింటికీ గాయాలవుతాయి.

ఎద ముగిసిన తర్వాతి రెండు నెలల్లో విపరీతమైన దాహం, వాంతులు, చీములాంటి స్రావం కనిపిస్తే గర్భసంచికి చీము పట్టి ఉండొచ్చు. అది ప్రాణాంతకం, ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. పిల్లలు వద్దనుకునేవారు ఎద ముగిశాక రెండు మూడు నెలలాగి ఆపరేషన్ చేయించవచ్చు.