పురుగు మందు అమ్మువాని చదువు
(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వానకాలపు నాట్లు ముగిసిన పిమ్మట కామారెడ్డి బజారులో గాని, ఎల్లారెడ్డి బజారులో గాని పురుగు మందుల దుకాణము ముందు కొంతసేపు నిలిచి చూచినచో ఒక సంగతి కానవచ్చును. రైతు ఎండిన వరి పిలక నొకదానిని చేత పట్టుకొని వచ్చును. "అన్నా, దీనికి ఏం మందు కొట్టాలె?" అని అడుగును. దుకాణములోని మనిషి పిలకను అటునిటు త్రిప్పి చూచి, వెనుక అరలో నుండి రెండు డబ్బాలు తీసి ముందు పెట్టును. తెగులేదో నిర్ణయించుట, మందు నిర్ణయించుట, మోతాదు చెప్పుట, మూడును రెండు నిమిషములలో ముగిసినవి. మనిషికి జ్వరము వచ్చినచో వైద్యుడు చేయు పనిని పైరు విషయములో ఆ మనిషి చేసినాడు. అతడేమి చదివినాడు? ఈ దినము మేము మీతో ముచ్చటింపదలచిన విషయ మిదియే.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1958లో కేరళమున ఫోలిడాల్ అను పురుగు మందు ఓడలో గోధుమపిండి మున్నగు ఆహార పదార్థములతోపాటు రవాణా అయినది. మందు కారి పిండిలో కలిసినది. ఆ ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిరి. ఎవరును పగబట్టి విషము పెట్టలేదు. విషమును విషముగా ఎరిగి సంరక్షించు మనిషి దారి పొడవునా ఒక్కడును లేకపోయెను. ఆ దుర్ఘటన పిమ్మట జరిగిన విచారణల ఫలితముగా 1968లో క్రిమిసంహారక మందుల చట్టము, 1971లో దాని నిబంధనలు వచ్చినవి. లైసెన్సు లేక మందు అమ్మరాదనియు, ఆహార ధాన్యములకు, పశువుల దాణాకు తగులునట్లు మందును నిల్వ చేయరాదనియు, ప్రతి అమ్మకమునకు బిల్లు ఈయవలెననియు అందు గలదు.

అయినను లైసెన్సు పొందువానికి చదువుండి తీరవలెనను నియమము మాత్రము చాల ఆలస్యముగా, 2015లో వచ్చినది. వ్యవసాయ శాస్త్రములో గాని, రసాయన, వృక్ష, జంతు శాస్త్రముల వంటి వానిలో గాని పట్టము ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము నిబంధనలను సవరించినది. మొక్కల రక్షణ, పురుగు మందుల నిర్వహణ పాఠ్యాంశములుగా గల ఒక సంవత్సరపు డిప్లమాను సైతము తరువాత అంగీకరించిరి. పాత దుకాణదారుల కొరకు 12 వారముల సర్టిఫికెట్ శిక్షణ ఏర్పడినది. హైదరాబాదు రాజేంద్రనగరులోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఇట్టి శిక్షణ నిచ్చుచున్నది.

అదే రాజేంద్రనగరులోని 'మేనేజ్' సంస్థ అంతకు ముందే, 2003లో, దుకాణదారుల కొరకు 'దేశీ' అను డిప్లమాను ప్రారంభించినది. దాని ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. 48 వారములు, వారమున కొక దినము, అదియును ఆదివారము గాని బజారు సెలవు దినమున గాని తరగతి. నలుబది దినములు పాఠములు, ఎనిమిది దినములు పొలములలో సందర్శనము. దుకాణము మూయనక్కరలేదు, సంపాదన పోదు. పదవ తరగతితో చదువాపి, ఇరువది యేండ్లుగా మందులమ్ముచున్నవాడు పొలములో నిలిచి అగ్గి తెగులును దోమపోటు నుండి వేరు చేసి చూచుట నేర్చును.

ధాన్యపు గోదాములలో వేయు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల విషయము మరింత కఠినమైనది. వీనికి గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. వీనిని వాడి పురుగు నివారణ పని చేయువాడు వ్యవసాయములో గాని, రసాయనము పాఠ్యాంశముగా గల విజ్ఞానములో గాని పట్టభద్రుడై, హైదరాబాదు, మైసూరు, హాపూరులలోని సంస్థలలో ఏదో యొకచోట కనీసము 15 దినములు శిక్షణ పొంది యుండవలెను. బియ్యపు బస్తాలున్న గదిలో ఈ బిళ్ళలు వేసి, ప్రక్క గదిలో పిల్లలను పండుకొనబెట్టువారు మన పల్లెలలో నేటికిని గలరు. ఇది ఎంత మాత్రము తగదు.

అమెరికాలో ప్రమాదకర పదార్థముల నిర్వాహకులకు 1984 నుండి ఒక వృత్తి సంస్థ పరీక్ష పెట్టి ధ్రువపత్ర మిచ్చుచున్నది. ఐదేండ్ల కొకసారి దానిని పునరుద్ధరించుకొనవలెను. ఒకసారి చదివిన చదువు జీవితాంతము చాలదని వారి అభిప్రాయము. మనకును ఇది ఆలోచింపదగినదే.

ఇక అసలు చిక్కు. గోడమీద సర్టిఫికెట్ వ్రేలాడుచుండును. దానిలో పేరున్నవాడు పట్టణములో వేరొక ఉద్యోగము చేయుచుండును. కౌంటరు వద్ద పదునారేండ్ల బాలుడు డబ్బాలు అందించుచుండును. చదువు అద్దెకు వచ్చినది గాని దుకాణములోనికి రాలేదు. ఈ మోసమును తనిఖీ అధికారి ఏటికి ఒకటి రెండు పర్యాయములు వచ్చి పట్టజాలడు. ప్రతిదినము ఆ బజారునకు పోవు మీరు పట్టగలరు. గోడమీది పేరు చదివి, "ఈయన ఎక్కడ?" అని అడుగుట నేరము కాదు.

అడుగుట సులభమని మేము చెప్పుట లేదు. పోచారం కాలువ క్రింద వరి పండించు రైతు నాట్లనాడు ఎరువు, మందు ఉద్దెరకు తెచ్చుకొని, కోతలయిన పిమ్మట లెక్క చూచుకొనును. ఉద్దెర యిచ్చువానిని బిల్లు అడుగుటకు నోరు రాదు. "వచ్చే పంటకు వేరే దుకాణం చూసుకో" అన్నచో ఏమి గతి? ఈ భయము నిజమైనదే. కాని బిల్లు లేనప్పుడు, మందు నకిలీదైనను, పైరు మాడినను, పరిహారము కోరుటకు రైతు చేతిలో ఏమియు ఉండదు. కావున ఈ మాటను ఒంటరి రైతు గాక పంచాయతీ అడుగవలెను. సర్పంచి, వార్డు సభ్యులు రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారి సమక్షమున దుకాణదారులను పిలిచి, ఉద్దెర ఖాతా కైనను బిల్లు ఈయవలెనని చెప్పవచ్చును. నిబంధనలో నగదు బిల్లుతోపాటు ఉద్దెర బిల్లు కూడ గలదు.

డబ్బాపై వజ్రాకారపు గుర్తు ఉండును. దాని క్రింది సగము ఎరుపైనచో అత్యంత విషము, పసుపైనచో అధిక విషము, నీలమైనచో మధ్యమము, ఆకుపచ్చ అయినచో స్వల్పము. కొందరు రైతులు ఎరుపును చూచి, "ఇది గట్టి మందు" అని సంతోషింతురు. ఆ రంగు పురుగు చచ్చుటను గూర్చి కాదు, మనిషికి గల ముప్పును గూర్చి చెప్పును. శిక్షణ పొందిన దుకాణదారు ఈ మాట చెప్పియే డబ్బా అందించును. పొరపాటున విషము సోకినచో 108కు ఫోను చేసి, రోగితోపాటు ఆ డబ్బాను కూడ ఆసుపత్రికి తీసికొనిపోవలెను. విరుగుడు పేరు దానిమీదనే అచ్చయి యుండును.

2013 జూలైలో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగు మందు కలిసినట్లు పరీక్షలో తేలినది. ఖాళీ డబ్బాను కడిగి నీళ్ళకో నూనెకో వాడుట మన పల్లెలలోను గల అలవాటే. ఎంత కడిగినను ప్లాస్టిక్ పీల్చుకొన్న విషము పోదు. తిరిగి వాడుటకు వీలు లేకుండ పగులగొట్టి, ఇండ్లకు దూరముగా పూడ్చవలెనని నిబంధన. పాఠశాల వంటగదిలోని డబ్బాలను మొదట చూడుడు.

మీలో కొందరు అడుగవచ్చును: "మా ఊరిలో లైసెన్సు దుకాణమే లేదు, కిరాణా దుకాణములో ఉప్పు పప్పుల ప్రక్కననే మందు దొరకుచున్నది, ఏమి చేయుదుము?" ముందుగా ఆ సీసాలను ఉప్పు పప్పుల దగ్గరనుండి ఆ దినమే తీయింపుడు. పిమ్మట మండల వ్యవసాయాధికారికి వ్రాసి యిండు. వ్రాసిన కాగితపు నకలు పంచాయతీ కార్యాలయములో ఉంచుకొనుడు.