పాట మనది, కెమెరా ఎవరిది?



మొన్న మన పిల్లలతో కలిసి ఒక డాక్యుమెంటరీ చూశాం. చూశాక నాలుగు మాటలు మాట్లాడాను. రాలేకపోయినవాళ్ళు అడుగుతున్నారని ఆ మాటలే ఇక్కడ పెడుతున్నా. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, చివరిదాకా చదవండి.

సినిమా పేరు ‘గుర్రుముల్’. 2018లో విడుదలైంది, తీసింది పాల్ విలియమ్స్. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఎల్కో అనే దీవి ఉంది. అక్కడి యోల్ంగు ఆదివాసీ గాయకుడి జీవితమే ఈ సినిమా. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ళ గిటార్‌నే, తీగలు మార్చకుండా తిరగేసి పట్టుకుని వాయించేవాడు. 2008లో సొంతంగా మొదటి ఆల్బం చేశాడు. అందులో పాటలు ఎక్కువగా వాళ్ళ భాషల్లోనే ఉన్నాయి. ఆ భాషలు మాట్లాడేవాళ్ళు కొన్ని వేలమందే. అయినా ప్రపంచం చెవి ఒగ్గి విన్నది.

సినిమాలో ఒకచోట స్టింగ్ అనే పెద్ద పాటగాడితో కలిసి ఫ్రాన్స్ టీవీలో పాడాలి. ఇంగ్లీషు పాట. ఆ మాటలు ఈయన నోటికి పట్టడం లేదు. పక్కనున్నవాళ్ళకు చెమటలు పడుతున్నాయి. చివరికి ఏం చేశాడు? తన భాగం తన భాషలో పాడాడు. అంతే! ఆ పాటకే కొత్త ప్రాణం వచ్చింది. తెలుగు యాస సరిగా రాదని కాలేజీలో నోరు మూసుకుని కూర్చునే మన పిల్లలు ఈ ఒక్క సీను చూసినా చాలు.

ఇంకోచోట, అమెరికా టూరు అంతా ఖరారయ్యాక ఆయన విమానం ఎక్కలేదు. కంపెనీకి పెద్ద దెబ్బ. బయటివాళ్ళ లెక్కలో అది బాధ్యత లేకపోవడం. కానీ సినిమా అంతా చూస్తే అర్థమవుతుంది, ఆయన మొదట తన వంశానికి, తన నేలకు చెందినవాడు. స్టేజీ ఆ తర్వాత.

నన్ను ఎక్కువ కదిలించింది వేరే విషయం. ఆయన 2017 జూలైలో చనిపోయాడు. 46 ఏళ్ళే. యోల్ంగుల కట్టుబాటు ప్రకారం చనిపోయినవాళ్ళ పేరు పలకరు, బొమ్మ చూపించరు. ఆయన మాత్రం పోయేముందే సినిమా చూసి సరే అన్నాడు. కుటుంబం, వంశపెద్దలు ఈ సినిమాకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. అంటే మనం ఆయన ముఖం చూడగలుగుతున్నామంటే అది వాళ్ళు ఇచ్చిన మాట వల్ల. అందుకే నేనూ సినిమా పేరు ఒక్కసారే చెప్పి, ఆయన్ను ‘ఆయన’ అనే అంటున్నా.

ఇక మన దగ్గరికి వద్దాం.

మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్య తాత ఉండేవాడు. డోలు భుజాన వేసుకుంటే సమ్మక్క సారలమ్మ కథ, పగిడిద్దరాజు కథ, మన ఇలవేల్పుల కథలు కోయలోనూ తెలుగులోనూ పాడేవాడు. బడి చదువు లేదు. మన గోత్రాల చరిత్రంతా గొంతులోనే. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్ 23న తాత పోయాడు. మేడారం జాతరకు కోటిమంది వస్తారని గొప్పగా చెప్పుకుంటాం. ఆ జాతర వెనకున్న కథను మన భాషలో పాడే గొంతులు ఎన్ని మిగిలాయో ఎవరైనా లెక్క పెట్టారా? మీ పక్క గూడెంలో డోలీలు ఇంకా ఉన్నారా? పడిగె విప్పి కథ చెప్పగల ముసలాయన పేరు మీకు తెలుసా?

కెమెరాలు రావడం లేదని కాదు. వస్తున్నాయి. మా ఊరికీ ఒక ఛానల్ వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఆడవాళ్ళను నిలబెట్టి రేల ఆట ఆడించారు, మూడుసార్లు. పాట అర్థమేంటని ఒక్కరూ అడగలేదు. వీడియో వాళ్ళది, వ్యూస్ వాళ్ళవి, మనకు ఎండ మిగిలింది.

నా తప్పూ చెప్పాలి. డిగ్రీ చదివేటప్పుడు అమ్మమ్మ పాడుతుంటే ఫోన్లో తీసి స్టేటస్ పెట్టా. లైకులు బాగా వచ్చాయి. అమ్మమ్మకు తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ‘అది భూమి పండుగ పాటరా, కాలం కాని కాలంలో ఊరందరికీ వినిపిస్తావా’ అంది. తీసేశా. ఆ ఛానల్‌కీ నాకూ తేడా ఏముందని ఆ రోజు అనిపించింది. మనవాడు తీసినంత మాత్రాన అది మన సినిమా అయిపోదు. అడిగి తీయాలి.

అందుకే మూడు పనులు. ఒకటి, తీసేముందు పాడేవాళ్ళను, ఊరి పెద్దలను అడుగుదాం. ఏది బయటికి పోవచ్చో, ఏది పోకూడదో వాళ్ళే చెప్తారు. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) మన ఆచారాలు, సాంస్కృతిక గుర్తింపు కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. బయటివాళ్ళు కెమెరాతో వస్తే ముందు గ్రామసభలో కూర్చోమందాం. రెండు, పాట ఒక్కటే తీయొద్దు. ఎప్పుడు పాడతారు, ఎవరు నేర్పారు, ఆ మాటకు అర్థమేంటి, అన్నీ కోయలోనే అడిగి తీద్దాం. మూడు, ఒక కాపీ ఊళ్ళోనే ఉండాలి. పాడినవాళ్ళ మనవలు వినాలి కదా.

పెద్ద కెమెరా కోసం ఆగొద్దు. మీ చేతిలో ఫోనుంది. ఈ ఆదివారం ఊరికి పోండి. ఫోను జేబులోనే ఉంచి, తాత పక్కన కూర్చుని ముందు వినండి. తర్వాత అడగండి.

తాత సరే అంటే అప్పుడు తీద్దాం. వద్దంటే నేర్చుకుందాం. ఎలాగైనా పాట మనలోనే ఉంటుంది.

జై ఆదివాసీ!