గేర్ బాక్సు దించే ముందు షాఫ్టు చూడండి

ఈ రోజు మా బాబాయి లారీ సంగతి చెప్తాను. పది టైర్ల బండి. 50 దాటితే చాలు, కేబిన్ అంతా వణుకు. ఒక షెడ్డులో "గేర్ బాక్సు పోయింది" అన్నారు. దించారు, బేరింగులు మార్చారు, మళ్లీ ఎక్కించారు. మూడు రోజులు లోడు లేదు, నెలాఖరు కిస్తీ నెత్తి మీద. తీరా రోడ్డెక్కితే అదే వణుకు!

అప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పానా ముట్టుకోలేదు. "వణుకు మొదలయ్యే ముందు బండికి ఏం పని చేయించారు?" అని అడిగారు. కోడ్‌లో బగ్ వస్తే నేను మొదట అడిగేదీ ఇదేనండి. బాబాయి ఆలోచించి, "క్రాస్ మార్పించాం" అన్నాడు.

తర్వాత ఆయనే బండి నడిపారు. 50 మీద టాప్ గేరులో వణుకు వచ్చింది. అదే 50 మీద ఒక గేరు తగ్గించారు. ఇంజను రౌండ్లు పెరిగాయి, వణుకు మాత్రం మారలేదు. ఇంజను రౌండ్లతో పాటు మారితే ఇంజను, క్లచ్ వైపు చూడాలి. బండి స్పీడునే పట్టుకుని ఉంటే గేర్ బాక్సు వెనకాల చూడాలి. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు, సెంటర్ బేరింగు, చక్రాలు.

కిందకి దూరితే దొరికింది. క్రాస్ వంపులో తిరుగుతుంటే షాఫ్టు వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఆ తేడాని రెండో కొన క్రాస్ సరిచేస్తుంది. కానీ రెండు కొనల యోకులూ ఒకే వరసలో ఉంటేనే. మా షాఫ్టు స్లిప్ జాయింటు విప్పి బిగించినప్పుడు పళ్లు తప్పాయి. బాణం గుర్తులు ఉన్నాయి, మట్టి గీకి ఎవరూ చూడలేదంతే.

మీరూ చూసుకోవచ్చు. ఇంజను ఆపి, చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టాకే కిందకి వెళ్లండి. షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. క్రాస్ దగ్గర ఆట ఉన్నా, కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా ఆ క్రాస్ అయిపోయినట్టే. గ్రీజు కొడితే నాలుగు కప్పుల్లోంచీ బయటికి రావాలి. దీన్ని వాయిదా వేయకండి. నడిచే బండిలో క్రాస్ విరిగితే, కింద పడిన షాఫ్టు పక్కనున్న ఎయిర్ పైపుల్ని కొట్టేస్తుంది.

గేర్ బాక్సు అనుమానం ఉంటే బండి ఆపి న్యూట్రల్‌లో వినండి. క్లచ్ తొక్కితే చప్పుడు ఆగిందా, లోపలి బేరింగు. తొక్కినప్పుడే వస్తోందా, రిలీజ్ బేరింగు. దానికి బాక్సు దించాలి కానీ విప్పక్కర్లేదు.

బాబాయి బండికి గుర్తులు కలిపి బిగించారు, గంట పని. ఆ రాత్రే లోడు వేసుకుని వెళ్లాడు. గేర్ బాక్సులోంచి తీసిన పాత బేరింగులు మా వరండాలోనే ఉన్నాయి. ఇదిగో, తిప్పి చూపిస్తాను, చప్పుడే లేదు.