కత్తెరకు ఆడా మగా ఉందా?



జుట్టు కత్తిరించుకోవడం కూడా ఒక ప్రసంగానికి విషయమేనా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వేదాన్నే, మా అమ్మాయి అద్దం ముందు నిలబడి “అమ్మా, తమ్ముడిలాగా నాక్కూడా పొట్టిగా కత్తిరించాలి” అని పట్టుబట్టేదాకా.

మాది పాతబస్తీలో శాలిబండ. మా సందు మొగలో ఒక హేర్ కటింగ్ సెలూను ఉంది. మా మామగారి కాలం నుంచీ మా ఇంటి మగవాళ్ళందరికీ అక్కడే. రెండు సందుల అవతల లేడీస్ బ్యూటీ పార్లరు ఉంది. తలుపుకు తెర, పైన “మగవారికి ప్రవేశం లేదు” అని బోర్డు. పన్నెండేళ్ళ పిల్లను ఈ రెంటిలో ఎక్కడికి తీసుకెళ్ళాలి?

ముందు పార్లరుకే వెళ్ళాం. 400 రూపాయలన్నారు. మా అబ్బాయికి సెలూనులో 100 ఇస్తాం. “అంతే పొట్టి జుట్టు, అదే కత్తెర, మరి నాలుగింతలెందుకండీ?” అని అడిగాను. “లేడీస్ కటింగ్ కదమ్మా!” అన్నారు. నడుము దాకా ఉన్న జుట్టు కడిగి, పాయలు తీసి, గంటసేపు నిలబడి కత్తిరిస్తే ఎక్కువ అడగడం న్యాయమే. కాని పనిని బట్టి ఉండవలసిన ధర మనిషిని బట్టి ఉంటే ఎలా చెప్పండి?

ఇంటికి వచ్చి “పోనీ సెలూనుకే తీసుకెళ్తాను” అన్నాను. అత్తయ్యగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. “ఆడపిల్ల తల మంగలి చేతికిస్తావుటే?” అన్నారు. ఆమె అంత కోపంగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

ఆ రాత్రి ఆమే చెప్పుకొచ్చారు. ఆమె చిన్నతనంలో మేనత్తగారు పంతొమ్మిదో ఏట భర్తను పోగొట్టుకున్నారట. ఒక తెల్లవారుజామున పెరట్లోకి మంగలిని పిలిపించారట. తలుపు సందులోంచి చూసిన ఆ జడ ఇప్పటికీ కళ్ళ ముందు ఉందన్నారు. 1881లోనే కందుకూరి వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించారని మనం చదువుకున్నాం. కాని కొన్ని ఇళ్ళ పెరళ్ళలో ఆ కత్తి ఆగడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది.

నాకు మాట రాలేదు. కాసేపటికి ఒక్కటే అడిగాను. “అత్తయ్యా, ఆ పాపం కత్తి పట్టినవాడిదా, పిలిపించిన ఇంటిదా?”

ఆలోచించండి. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు ఆడపిల్లా మగపిల్లాడూ అని మనం చూస్తున్నామా? పెళ్ళిలో మంగళవాద్యం వాయించేది కూడా ఆ నాయీబ్రాహ్మణులే. పల్లెల్లో వాళ్ళ ఆడవాళ్ళు మంత్రసానులై ఎందరికో పురుళ్ళు పోశారు. మా పక్కింటి ముస్లింలు బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా చేసి, తల గొరిగించి, ఆ వెంట్రుకల ఎత్తు వెండి దానం చేస్తారు. ఆడబిడ్డకైనా అంతే. తిరుమల కల్యాణకట్టలో ఇప్పుడు ఆడవాళ్ళు కూడా కత్తి పట్టి తలనీలాలు తీస్తున్నారు. సినిమాల్లో ఆడవాళ్ళు కేశాలంకరణే చేయాలి, మేకప్ పని మగవాళ్ళదే అన్న సంఘంవారి నియమాన్ని 2014లో సుప్రీంకోర్టు చెల్లదంది. పనికి ఆడా మగా లేనప్పుడు కత్తెరకు ఎక్కడిది?

అలాగని పార్లరు వద్దనడం లేదు సుమండీ. బురఖా తీసి నిశ్చింతగా కూర్చోవాలంటే మా పేటలో ఎందరికో ఆ తెర కావాలి. ఇంటి ముందు గదిలో రెండు కుర్చీలు వేసుకుని పిల్లల్ని చదివించుకుంటున్న ఆడవాళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నారు. ఆ డబ్బు ఊరికే పోదు.

ఎక్కడికి వెళ్ళినా కొన్ని మాత్రం చూసుకోండి. మెడ మీద పెట్టే బ్లేడు మీ కళ్ళ ముందే కొత్తది విప్పాలి. వాడిన బ్లేడు వల్ల కామెర్ల జబ్బు తెచ్చే హెపటైటిస్-బి వంటివి ఒకరి నుంచి ఒకరికి పాకవచ్చు. తువ్వాలు ఉతికినదేనా, దువ్వెన కడిగినదేనా అని అడగడానికి మొహమాటపడకండి. సెలూనులో మర్దనా చేసి మెడ ‘టక్కు’మనిపిస్తారు, అది వద్దని చెప్పండి. పార్లరులో తల కడిగేటప్పుడు మెడను బేసిను అంచు మీద బాగా వెనక్కి వాల్చనివ్వకండి. మెడలోని రక్తనాళం దెబ్బతిని, అరుదుగానైనా పక్షవాతం రావచ్చు. అమెరికాలో ఒక వైద్యుడు 1993లోనే దీనికి ‘బ్యూటీ పార్లర్ స్ట్రోక్’ అని పేరు పెట్టి రాశాడు. తల తిరిగినా, కళ్ళు మసకబారినా వెంటనే లేచి చెప్పాలి.

ఇంతకీ మా అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ! వారం తర్వాత అత్తయ్యగారే చెప్పులు వేసుకుని “పదవే” అన్నారు. సెలూను పెద్దాయన కంగారుగా లేచి నిలబడ్డాడు. “పెద్దమ్మా, మీరు రావడమేంది? కబురు పెడితే నేనే ఇంటికి వస్తుంటిని కద!” అన్నాడు.

“పెరట్లోకి కాదయ్యా. దాని పుట్టువెంట్రుకలు తీసింది నువ్వే. ఇప్పుడూ నువ్వే కత్తిరించు, ఇక్కడే, నలుగురిలో” అన్నారు అత్తయ్యగారు.

ఆయన తీసుకున్నది 100 రూపాయలే. దోవలో అత్తయ్యగారు మనవరాలి మెడ మీది చిరువెంట్రుకలు కొంగుతో తుడుస్తూ, “అడిగి మరీ చేయించుకుంది. మా మేనత్తను ఎవరడిగారే!” అన్నారు.

సెలూనా, పార్లరా అన్నది మీ ఇష్టం. కాని ఆ తల ఎవరిదో వాళ్ళను ముందుగా అడగండి. సెలవు.