మన పోలీసు ఫుట్‌బాల్ జట్టు



హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆడినవారు మనవంటి నెలజీతపు ఉద్యోగులే. శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులుగా పనిచేసినవారు. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకోక వెంటనే తోటివానికి అందించమని నేర్పారు. వారి శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడే క్యాన్సరు వ్యాధితో వారు కన్నుమూశారు.

ఈ పేర్లు చిన్ననాడు విన్న తరం మనది. మనం చెప్పకపోతే మనవలకు చెప్పేవారుండరు. సాయంత్రం వారిని బడి మైదానానికి తీసుకువెళ్ళి చెప్పండి. సెలవు.